పాత కారు హీటర్ బ్లోయర్ మోటార్‌ను ఎలా కాపాడుకోవాలి?

పాత కారుకు ఇంజిన్ సామాను ఏదో విధంగా దొరుకుతుంది. కారు లోపలికి గాలి ఊదే ఫ్యాన్‌ను తిప్పే హీటర్ బ్లోయర్ మోటార్ మాత్రం అంత తేలిగ్గా దొరకదు. ఒక్కో మోడల్‌లో దీని షాఫ్ట్ పొడవు, బిగించే అంచు, ఫ్యాన్ కొలత అన్నీ వేరు. తయారీ ఆగిపోయిన కారుకు సరిగ్గా సరిపోయే మోటార్ కోసం నెలల తరబడి వెతకాల్సి రావచ్చు. ఈలోగా చలిలో, వానలో ముందు అద్దం మీద పట్టిన ఆవిరి పోదు, దారి కనపడదు. అందుకే ఈ మోటార్‌ను ఇంకా తిరుగుతుండగానే బాగు చేసుకోవాలి.

ఈ మోటార్లలో వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) కాలడం చివర్లో జరిగే పని. ముందు బుష్‌లో, అంటే షాఫ్ట్‌ను పట్టి ఉంచే చిన్న లోహపు గొట్టంలో, నూనె ఆరిపోతుంది. షాఫ్ట్ బరువుగా తిరుగుతుంది, మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ వేడికి రెసిస్టర్ (ఫ్యాన్ స్పీడ్ తగ్గించే భాగం), కనెక్టర్, స్విచ్ ఒక్కొక్కటిగా పోతాయి. రెసిస్టర్ మళ్లీ మళ్లీ కాలిపోతుంటే కొత్త రెసిస్టర్ కొనే ముందు మోటార్‌ను చూడండి.

1. ముందు చెవితో వినండి

చలి ఉదయం ఆన్ చేయగానే కీచుమని, కాసేపటికి తగ్గితే బుష్ ఎండింది. ఆ చప్పుడు మొదటిసారి విన్న వారమే పనికి దిగడం మంచిది. దడదడమని వణికితే ఫ్యాన్‌లో ఆకు పడిందో, ఫ్యాన్ రెక్క విరిగిందో చూడాలి. మోటార్ మీద మెల్లగా తడితే తిరగడం మొదలుపెడితే తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయి, లేదా వాటి గూళ్లలో ఇరుక్కున్నాయి. ఒక్క హై స్పీడ్‌లోనే పనిచేస్తే తప్పు చాలావరకు రెసిస్టర్‌ది, ఎందుకంటే హై స్పీడ్‌లో కరెంటు రెసిస్టర్‌ను దాటుకుని నేరుగా మోటార్‌కు వెళ్తుంది.

2. విప్పే ముందు వోల్టేజీ చూడండి

బ్లోయర్‌ను హై స్పీడ్‌లో తిప్పుతూ మోటార్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు ఉండి మోటార్ దగ్గర 10.5 మాత్రమే వస్తుంటే ఆ రెండు వోల్టులు దారిలో పోతున్నాయి. తుప్పు పట్టిన ఎర్త్ పాయింట్ (వైరు కారు బాడీకి కలిసే చోటు), వదులైన ఫ్యూజు క్లిప్పు, నల్లబడిన కనెక్టర్ శుభ్రం చేస్తే మోటార్‌ను ముట్టుకునే పనే ఉండకపోవచ్చు.

3. బయటికి తీయడం

బ్యాటరీలో ఎర్త్ అయిన వైపు కేబుల్ తీసేయండి. చాలా పాత కార్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, కాబట్టి అలవాటుగా నెగటివ్ విప్పకుండా చూసి విప్పండి. కష్టం కారును బట్టి మారుతుంది. బీఎండబ్ల్యూ ఈ30లో ఇంజిన్ గది వెనుక మూత తీస్తే మోటార్ కనిపిస్తుంది. 1974 నుంచి 1993 వరకు తయారైన వోల్వో 240లో మాత్రం అది హీటర్ బాక్స్ నడుమ, రెండు వైపులా రెండు ఫ్యాన్లతో కూర్చుని ఉంటుంది. బాక్స్‌నే విప్పాలి. అలాంటి కారులో ఒకసారి లోపలికి వెళ్లాక బుష్‌లు, బ్రష్‌లు, సీళ్లు అన్నీ ఒకేసారి చూసేయండి.

మాస్క్ పెట్టుకోండి. పాత హీటర్ బాక్సుల్లో ఎలుకల గూళ్లు, ఏళ్ల నాటి దుమ్ము ఉంటాయి. ఫ్యాన్‌ను ఒక వైపు నుంచి స్క్రూడ్రైవర్‌తో తన్ని లేపితే ఎండిన ప్లాస్టిక్ పగులుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చేసి, రెండు వైపులా సమానంగా ఎత్తండి. షాఫ్ట్ మీద ఫ్యాన్ ఎంత లోతుగా ఉందో ముందే కొలిచి రాసుకోండి.

4. మోటార్ విప్పి శుభ్రం చేయడం

మీ ఓపిక అంతా ఈ దశకు దాచుకోండి. డబ్బాకు, మూతకు కలిపి ఒక గీత గీయండి, తిరిగి బిగించేటప్పుడు అదే దారి చూపుతుంది. మడిచిన రేకు చెవులతో మూత బిగించి ఉంటే వాటిని అవసరమైనంతే లేపండి, రెండు మూడు సార్లు వంచితే విరిగిపోతాయి. షాఫ్ట్ మీద ఉన్న సన్నని వాషర్లు ఏ వరసలో, ఎన్ని ఉన్నాయో ఫొటో తీసుకోండి. డబ్బాను సుత్తితో కొట్టకండి. లోపలి అయస్కాంతాలు పింగాణీలా పెళుసుగా ఉంటాయి.

ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) చివర రాగి రేకుల గుండ్రటి భాగం కమ్యుటేటర్. దాన్ని 400 లేదా 600 నంబరు శాండ్‌పేపర్‌తో, గుండ్రంగా తిప్పుతూ తేలిగ్గా రుద్దండి. ఎమరీ గుడ్డ వద్దు. తర్వాత రేకుల మధ్య సందుల్లో పేరుకున్న కార్బన్ పొడిని చెక్క పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ పొడి కరెంటును ఒక రేకు నుంచి పక్క రేకుకు దాటిస్తుంది. ఇప్పుడు మల్టీమీటర్‌తో ఏ రేకుకూ షాఫ్ట్‌కూ మధ్య కనెక్షన్ లేదని తేల్చుకోండి. ఉంటే మాత్రం ఆర్మేచర్‌ను రివైండింగ్‌కు ఇవ్వాల్సిందే.

బ్రష్‌లు మొదటి పొడవులో మూడో వంతుకు వచ్చి ఉంటే మార్చండి. అవే దొరకాలని లేదు. వెడల్పు, మందం కొలిచి కాస్త పెద్దవి తెచ్చి శాండ్‌పేపర్ మీద రుద్ది సరిచేయవచ్చు. అయితే ఇవి 12 వోల్టుల మోటార్లకు చేసిన, రాగి కలిసిన కార్బన్లు అయి ఉండాలి. డ్రిల్ మెషీన్ల కార్బన్లు ఎక్కువ వోల్టేజీకి చేసినవి, వాటిని వేస్తే మోటార్ నీరసంగా తిరుగుతుంది. కొత్త బ్రష్ గూటిలో వేలితో నొక్కితే లోపలికి వెళ్లి, వదిలితే స్ప్రింగ్ బలంతో తిరిగి రావాలి.

5. నూనె

ఈ బుష్‌లు చాలావరకు సన్నని రంధ్రాలున్న కంచువి. స్పాంజిలా నూనె పీల్చుకుని, వేడెక్కినప్పుడు షాఫ్ట్‌కు ఇస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఆ క్షణం చప్పుడు ఆగుతుంది, కానీ మిగిలిన కొద్ది నూనెనూ అది కడిగేస్తుంది. గ్రీజు రంధ్రాలను మూసేస్తుంది. వంటనూనె జిగురు కడుతుంది. డిటర్జెంట్ కలపని సన్నని ఎలక్ట్రిక్ మోటార్ ఆయిల్, ఎస్‌ఏఈ 20 గ్రేడ్‌ది వాడండి.

బుష్‌ను విడదీయగలిగితే దాని కింద ఒక వేలు అడ్డుపెట్టి, నిండా నూనె పోసి, పైనుంచి బొటనవేలితో గట్టిగా నొక్కండి. కాసేపటికి బుష్ బయటి గోడ మీద చెమట పట్టినట్టు నూనె చుక్కలు కనిపిస్తాయి. అంటే రంధ్రాలు ఇంకా తెరిచే ఉన్నాయి. విడదీయలేకపోతే బుష్ చుట్టూ ఉన్న ఫెల్ట్‌ను (నూనె పీల్చే మెత్తటి గుడ్డను) తడిపి, షాఫ్ట్ దగ్గర రెండు చుక్కలు వేస్తే చాలు. కమ్యుటేటర్ మీదికి కారిన నూనె కార్బన్ పొడితో కలిసి నల్లటి ముద్దవుతుంది, కాబట్టి చెయ్యి బిగించి పోయండి.

6. బిగించి, బల్ల మీదే పరీక్షించండి

బ్రష్‌లను దారంతో వెనక్కి లాగి కట్టి, ఆర్మేచర్ లోపలికి వెళ్లాక దారం లాగేయండి. మూత బిగించాక షాఫ్ట్ కొనను చెక్కతో మెల్లగా తడితే బుష్‌లు సరైన వరసలో కూర్చుంటాయి. షాఫ్ట్ వేలితో తేలిగ్గా తిరగాలి.

10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైరుతో, ఫ్యాన్ తగిలించకుండా 12 వోల్టులు ఇచ్చి పదిహేను నిమిషాలు తిప్పండి. కొత్త బ్రష్‌లు కమ్యుటేటర్ వంపుకు ఒదుగుతాయి. తిరిగే దిశ కూడా చూడండి. డ్రమ్ములాంటి ఫ్యాన్ ఉల్టా తిరిగినా గాలి వస్తూనే ఉంటుంది, కానీ బాగా తక్కువ వస్తుంది. వైర్లు మారిన సంగతి ఎన్నాళ్లయినా తెలియదు.

7. కారులో పెట్టాక

మోటార్ డబ్బాకు సన్నని రబ్బరు గొట్టం ఉంటే తప్పకుండా తిరిగి తగిలించండి. మోటార్‌ను చల్లబరిచే గాలి దానిలోంచే వస్తుంది. ముందు అద్దం కింద ఉన్న జాలీలోని ఆకులు తీసి, నీళ్లు పోసి, డ్రెయిన్ రంధ్రాల్లోంచి బయటికి పోతున్నాయో చూడండి. అవి మూసుకుపోతే వాన నీళ్లు నేరుగా మోటార్ మీద పడతాయి. ఇంత కష్టపడి చేసిన పనిని ఒక్క వానాకాలం పాడు చేస్తుంది.

ఎండాకాలంలోనూ నెలకోసారి అన్ని స్పీడ్‌లలో పది నిమిషాలు నడపండి. చివరగా, హై స్పీడ్‌లో మోటార్ ఎంత కరెంటు తీసుకుంటుందో వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌తో చూసి, తేదీ వేసి కారు పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడాది అదే స్పీడ్‌లో ఆ అంకె పెరిగితే, కీచుమనక ముందే నూనె వేసే సమయం వచ్చినట్టు.