తొలకరి నీళ్ళు పట్టే ముందు

బోరు నీళ్ళకు పప్పు సరిగా ఉడకదు, అందుకే వాన పడగానే డాబా మీద బిందెలు పెట్టడం బెజవాడలో చాలామందికి అలవాటు. మంచి అలవాటే. కానీ ఈసారి మొదటి వాన నీళ్ళు మాత్రం తాగడానికీ వంటకీ పట్టకండి.

ఎండాకాలమంతా బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ పొగ, ఆటోనగర్ లారీల మసి, రోడ్డు దుమ్ము గాలిలోనూ మన డాబాల మీదా పేరుకుని ఉంటాయి. తొలి చినుకులు వాటన్నింటినీ కడుక్కుంటూ దిగుతాయి. డీజిల్, బొగ్గు మండినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలోనే ఆమ్లాలుగా మారి వాననీటిలో కలుస్తాయి.

నీళ్ళలో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె పీహెచ్: 7 అయితే ఆమ్లమూ కాదు క్షారమూ కాదు, అంతకంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. దాన్ని చూపే కాగితపు స్ట్రిప్ ముంచి చూసి ధైర్యపడేవాళ్ళున్నారు. మోసపోయేది అక్కడే. ఏ కాలుష్యం లేని వానకే పీహెచ్ దాదాపు 5.6 ఉంటుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల. మన దుమ్ములో సున్నపు పదార్థం ఎక్కువ, పొలాల యూరియా నుంచి, పశువుల నుంచి అమ్మోనియా వస్తుంది. ఈ రెండూ ఆమ్లాన్ని విరిచేస్తాయి. దాంతో తొలి వాన 7 దగ్గర చూపించవచ్చు. ఆమ్లం విరిగింది గానీ సల్ఫేట్లు, నైట్రేట్లు, మసి, లోహాలు నీళ్ళలోనే ఉన్నాయి. వాన సాగి దుమ్ము కడిగేశాక పీహెచ్ కాస్త తగ్గినా, ఆ నీళ్ళే శుభ్రమైనవి.

వానకు ముందే డాబా ఊడ్చి కడగండి, పావురాల రెట్ట ముఖ్యంగా. మొదటి వానను పూర్తిగా వదిలేయండి, మొక్కలకు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కూడా ప్రతి వానలో మొదటి 2 మిల్లీమీటర్లు పోనివ్వాలి: 100 చదరపు మీటర్ల డాబాకు అది 200 లీటర్లు. పైపు కింద ఒక వాల్వు పెట్టించుకుంటే ఆ పని సులువు. వారం పది రోజులు వాన ఆగితే మళ్ళీ దుమ్ము చేరుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ వదలండి. సిమెంటు రేకులు, తుప్పు రేకుల మీద పడిన నీళ్ళు తాగొద్దు.

రాగి, ఇత్తడి బిందెల్లో నిల్వ చేయకండి. వాననీటిలో లవణాలు తక్కువ కాబట్టి లోహాన్ని కరిగించుకుంటుంది. స్టీలు నయం. సిమెంటు తొట్టి ఇంకా నయం, అందులోని సున్నం ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మురికి తేరడానికి పటిక తిప్పితే బావి నీళ్ళకు పనిచేసినట్టు పనిచేయదు, ఆమ్లం మరింత పెరుగుతుంది. సన్నటి గుడ్డతో వడకట్టడమే మంచిది. మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్లూ లోహాలూ పోవు.

వానలో తడిస్తే ఒళ్ళు కాలుతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు, అంత ఘాటు ఆమ్లం కాదు. ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో నడిచే థర్మల్ స్టేషన్ ఉంది కదా, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు మాత్రం ల్యాబులో పరీక్ష చేయించేదాకా ఈ నీళ్ళను వాడుకకే ఉంచుకోండి. ఏ పేటలో ఉన్నా పసిపిల్లల పాలపొడి కలపడానికి పరీక్ష చేయించని వాననీళ్ళు అసలు వద్దు.