పాత గీజర్‌ని ఫోన్‌తో నడిపిద్దాం – 3వ పాఠం: కాంటాక్టర్ బిగించడం

పోయిన రెండు పాఠాల్లో గీజర్ మీద రేటింగ్ ప్లేటు చదవడం, ఎర్త్ ఉందో లేదో చూడటం అయిపోయాయి కదా, ఈసారి స్క్రూడ్రైవర్ పట్టుకునే పని, కాంటాక్టర్ బిగించడం. కాంటాక్టర్ అంటే చిన్న కరెంటుతో ఆన్ ఆఫ్ అవుతూ పెద్ద కరెంటుని మోసే స్విచ్. ఆ రెండు పాఠాలూ చదవకుండా డైరెక్టుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు మాత్రం ముందు వెనక్కి వెళ్ళండి, ఎర్త్ లేని లైను మీద ఇదంతా చెయ్యడం వేస్టే కాదు, ప్రమాదం కూడా.

ముందు చాలామంది అడిగిన డౌటు ఒకటి తేల్చేద్దాం. అమెరికా నుంచి బావగారో మరదలో వస్తూ వస్తూ నెస్ట్ లాంటి గుండ్రటి స్మార్ట్ థర్మోస్టాట్ తెచ్చి ఇస్తారు, అది మన గీజర్‌కి పెట్టొచ్చా అని. పెట్టకూడదండి. 2011లో నెస్ట్ వచ్చినప్పటి నుంచి అక్కడ పాత ఇళ్ళలో చాలామంది గోడ మీద అది బిగించుకుంటున్నారు గానీ, అక్కడ ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ ఒకటి ఉంటుంది, దానికి వెళ్ళే సన్న వైర్లలో ఉండేది 24 వోల్టుల కంట్రోల్ కరెంటు మాత్రమే, థర్మోస్టాట్ చేసేది "వెలుగు", "ఆరిపో" అని ఫర్నేస్‌కి కబురు పంపడం. మన గీజర్లో 230 వోల్టులు నేరుగా నీళ్ళు కాచే కాయిల్లోకి పోతాయి. ఆ గుండ్రటిదాన్ని ఇక్కడ తగిలిస్తే నిమిషం కూడా ఆగదు. ఐనా విజయవాడలో ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన ఖర్మ ఎవరికుంది చెప్పండి, మే నెల మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. మనకి వేడి కావాల్సింది ధనుర్మాసంలో తెల్లారుజామున గుడికి వెళ్ళేవాళ్ళకి, జనవరి చలిలో స్కూలుకెళ్ళే పిల్లలకి, అదీ నీళ్ళ వరకే.

కానీ వాళ్ళ పద్ధతిలో మనం తీసుకోవాల్సింది ఒకటుంది. కరెంటు బరువు మోసేది వేరే, కబురు చెప్పేది వేరే. ఈ పాఠం మొత్తం అదే.

గీజర్ లోపల థర్మోస్టాట్ ఆల్రెడీ ఉంది, నీళ్ళు ఎంత వేడెక్కాలో అది చూసుకుంటుంది, దాని పక్కనే నీళ్ళు మరీ కాగితే లైను తెంపేసే కటౌట్ ఉంటుంది. ఈ రెండిటి జోలికీ మనం పోం. "ఎటూ ఫోన్‌లో ఆపుతాం కదా, పాత థర్మోస్టాట్ పాడైంది, డైరెక్ట్ చేసేద్దాం సార్" అనే మనిషి మీ ఇంటికొస్తే కాఫీ ఇచ్చి పంపించెయ్యండి. ఎప్పుడు వెయ్యాలి, ఎంతసేపు ఉంచాలి అనేది మాత్రమే మనం బయటి నుంచి నడుపుతాం. థర్మోస్టాట్ నాబ్ 60 డిగ్రీల దగ్గర పెట్టి వదిలెయ్యండి.

ఎంతసేపు అంటే చిన్న లెక్క. 15 లీటర్ల గీజర్, నీళ్ళు 25 డిగ్రీల దగ్గర మొదలై 60కి రావాలి, అంటే 35 డిగ్రీలు పెరగాలి. లీటరు నీటికి డిగ్రీకి 4.19 కిలోజౌళ్ళు చొప్పున వేసుకుంటే సుమారు 2,200 కిలోజౌళ్ళు, యూనిట్‌కి 3,600 చొప్పున భాగిస్తే 0.61 యూనిట్. 2 కిలోవాట్ల కాయిల్‌కి ఇది 18 నిమిషాల పని. 25 లీటర్లదైతే యూనిట్ కాస్త దాటుతుంది, అరగంట పడుతుంది. మీ గీజర్‌కి దీనికి రెట్టింపు టైము పడుతోందంటే కాయిల్ మీద సున్నం పేరుకుని ఉండొచ్చు, బోరు నీళ్ళ ఇళ్ళలో ఇది మామూలే, ముందు అది గీకించండి.

ఇప్పుడు కరెంటు. 2,000 వాట్లని 230తో భాగిస్తే 8.7 ఆంప్స్. బజార్లో దొరికే, ఫోన్‌తో నడిచే చిన్న స్మార్ట్ స్విచ్‌ల్లో చాలావాటి మీద 10 ఆంప్స్ అని రాసుంటుంది, కాబట్టి సరిపోతుంది కదా అని గవర్నర్‌పేట షాపులో కుర్రాడు చెప్తాడు, కాగితం మీద నిజమే, కానీ గాలి ఆడని స్విచ్ బోర్డు వెనకాల రోజూ అరగంట చొప్పున అంచు మీద నడిపిస్తే దాని టెర్మినల్ స్క్రూ దగ్గర ప్లాస్టిక్ మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంది. 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ కొంత నయం. అయితే సత్యనారాయణపురం, గాంధీనగర్ వైపు పాత ఇళ్ళలో గీజర్ పవర్ ప్లగ్ చాలావరకు బాత్రూమ్ లోపలే పైన ఉంటుంది, ఆవిరంతా అక్కడికే పోతుంది, ఎలక్ట్రానిక్స్ ఉన్న ప్లగ్ అక్కడ పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

అందుకని కాంటాక్టర్. రెండు పోల్స్ (ఫేజు, న్యూట్రల్ రెండిటినీ తెంపేది), 25 ఆంప్స్, దాన్ని లోపల లాగే సొంత కాయిల్ 230 వోల్టులు ఏసీ, డిన్ రైలు అనే సన్న ఇనప పట్టీ మీద కూర్చునే మాడ్యులర్ రకం అడగండి. గీజర్ కరెంటంతా ఇది మోస్తుంది. స్మార్ట్ రిలే, అంటే అగ్గిపెట్టె సైజులో ఉండే వైఫై మాడ్యూలు, కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే ఆన్ ఆఫ్ చేస్తుంది, అది కొద్ది వాట్లే తాగుతుంది కాబట్టి చిన్న రిలే వేడెక్కే ప్రశ్నే లేదు. రెండిటినీ కలిపి బాత్రూమ్ బయట గోడకి ప్లాస్టిక్ డబ్బాలో పెడతాం. ఇనప డబ్బా వద్దు, వైఫై అందదు.

పని మొదలెట్టే ముందు టెస్టర్‌ని ఏదో ఒక ప్లగ్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోండి, చచ్చిపోయిన టెస్టర్‌ని నమ్ముకుని వైరు పట్టుకున్నవాళ్ళున్నారు. తర్వాత మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ కూడా ఆపండి, ఇది చాలామంది మర్చిపోతారు, మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్లు బతికే ఉంటాయి, పాత వైరింగ్‌లో ఏ వైరు ఎక్కడ కలిపారో ఆ కలిపినాయనకే తెలియాలి. రంగుల్ని కూడా నమ్మకండి, ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్ అనేది పుస్తకంలో మాట, ఆ రోజు ఏ వైరు చుట్ట చేతికి దొరికితే అది లాగేసిన ఇళ్ళు బోలెడు.

డీపీ స్విచ్, అంటే గీజర్‌కి ఫేజు, న్యూట్రల్ రెండిటినీ ఒకేసారి తెంపే స్విచ్, దాని ప్లేటు ఊడదీసి, టెస్టర్ పెట్టి చూశాక లోపల వైరు కొస చాకుతో కొంచెం గీకండి. ఎర్రగా ఉంటే రాగి, ఎంత గీకినా తెల్లగానే ఉంటే అల్యూమినియం. అల్యూమినియం వస్తే ఇక్కడితో ఆగిపోండి. దాన్ని రాగి వైరుతో మెలిపెట్టి టేపు చుడితే ఆ జాయింటు కొన్నాళ్ళకి లూజయ్యి వేడెక్కుతుంది, కాబట్టి లైసెన్స్ ఉన్న వైర్‌మన్‌ని పిలిచి బోర్డు నుంచి గీజర్ దాకా కొత్తగా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి లైను, 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే అదే పడిపోయే స్విచ్) వేయించుకున్నాకే తర్వాతి పేరా చదవండి.

డీపీ స్విచ్ నుంచి బయటికొచ్చే ఫేజు కాంటాక్టర్ 1లోకి, 2 నుంచి గీజర్‌కి. న్యూట్రల్ 3లోకి, 4 నుంచి గీజర్‌కి. కొన్ని మోడళ్ళలో నంబర్లు వేరేగా ఉంటాయి, పక్కన బొమ్మ అచ్చేసి ఉంటుంది, దాన్ని ఫాలో అవ్వండి. ఎర్త్ వైరు కాంటాక్టర్లోకి రాదు, తెగకుండా నేరుగా గీజర్‌కి పోవాలి. స్మార్ట్ రిలేకి ఫేజు, న్యూట్రల్ కూడా ఆ డీపీ తర్వాతే ఇవ్వండి, ఫేజు దారిలో ఒక 6 ఆంప్స్ ఎంసీబీ పెట్టి. రిలే అవుట్‌పుట్ కాంటాక్టర్ ఏ1కి, న్యూట్రల్ ఏ2కి. పీచు వైర్ల కొసలకి లగ్గులు, అంటే లోహపు తొడుగులు, కొట్టి బిగించండి, ఒక్కో వైరునీ గట్టిగా లాగి చూడండి, చేతికి ఊడొస్తే ఇప్పుడే ఊడొచ్చినందుకు సంతోషించండి.

రిలేకి పవర్ డీపీ తర్వాత ఎందుకంటే, ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ తెలియకపోయినా స్విచ్ తెలుసు. డీపీ ఆపితే మొత్తం చచ్చినట్టే. స్నానానికి వెళ్ళేముందు దాన్ని ఆపే అలవాటు మానకండి, ఎందుకంటే ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న మీ అబ్బాయి కూడా ఫోన్లో గీజర్ వెయ్యగలడు. రాత్రి పడుకునేముందు డీపీ వేసి ఉంచితేనే పొద్దున షెడ్యూల్ నడుస్తుందని మాత్రం అందరికీ చెప్పండి.

డబ్బా మూసి, మెయిన్ వేసి, ఫోన్లో యాప్ పెట్టండి. రౌటర్లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కనెక్ట్ చెయ్యండి, ఈ మాడ్యూళ్ళు ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌ని పట్టుకోవు. కనెక్ట్ అయ్యాక అన్నిటికంటే ముందు మార్చాల్సిన సెట్టింగ్, కరెంటు పోయి వస్తే ఏం చెయ్యాలి అనేది. అది "ఆఫ్" అని పెట్టండి. మధ్యాహ్నం కరెంటు పోయి, అందరూ ఊరెళ్ళాక సాయంత్రం వచ్చి, గీజర్ దానంతటదే వెలిగిందనుకోండి, పైన ట్యాంకు ఖాళీ అయ్యి నీళ్ళు వెనక్కి పోయుంటే కాయిల్ పొడిగా కాగుతుంది. రెండోది, ఆన్ చేసిన 30 నిమిషాలకి అదే ఆగిపోయే టైమర్. 25 లీటర్లదైతే 40 పెట్టుకోండి.

ఇక పరీక్ష. గీజర్ అరగంట నడిపి, మెయిన్, ఇన్వర్టర్ మళ్ళీ ఆపి, టెస్టర్ పెట్టి చూశాకే డబ్బా తెరిచి స్క్రూల మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఓకే. వేలు ఉంచలేనంత వేడిగా ఉన్న స్క్రూ ఏదైనా ఉంటే ఆ వైరు విప్పి మళ్ళీ బిగించాల్సిందే. నడుస్తున్నప్పుడు కాంటాక్టర్ సన్నగా జుమ్మంటుంది, దానికి కంగారు పడకండి, గరగరమంటే మాత్రం కాయిల్‌కి వోల్టేజీ సరిగ్గా అందట్లేదు, ఏ1, ఏ2 చూడండి.

దీనివల్ల బిల్లు సగానికి పడిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. మీరు ఎప్పుడూ టైముకి స్విచ్ ఆపే మనిషైతే మిగిలేది దాదాపు ఏమీ లేదు. మర్చిపోయి ఆఫీసుకెళ్ళిపోయే ఇళ్ళకే ఇది పనికొచ్చేది.

వచ్చే పాఠంలో షెడ్యూళ్ళు చేద్దాం, రౌటర్ ఆగిపోయినా పొద్దున ఐదింటికి నీళ్ళు కాగేలా. దానికి ముందు ఒక పని చేసి ఉంచండి, సాయంత్రం పూట ఒక షెడ్యూల్ పెట్టి, ఆ టైముకి రౌటర్ ప్లగ్ పీకేసి, కాంటాక్టర్ టక్కుమందో లేదో చూసి రాసిపెట్టుకోండి. టక్కుమంటే షెడ్యూల్ మాడ్యూల్లోనే ఉన్నట్టు, అనకపోతే యాప్ వాళ్ళ సర్వర్లో ఉన్నట్టు, రెండిటికీ సెట్టింగులు వేరేగా ఉంటాయి.