ఆరుబయట నిద్ర – 4వ పాఠం: స్లీపింగ్ బ్యాగ్‌కు లైనర్

పోయిన పాఠంలో కింద పరిచే మ్యాట్ గురించి చెప్పుకున్నాం. ఈసారి స్లీపింగ్ బ్యాగ్ లోపల వేసుకునే పలుచని గుడ్డ సంచి, అంటే లైనర్.

దీని మొదటి పని శుభ్రత. పొద్దంతా గుట్టలెక్కిన ఒంటి చెమట, జిడ్డు, కాళ్ల దుమ్ము బ్యాగ్‌కు పడితే దాన్ని మాటిమాటికీ ఉతకాలి. ఉతికిన కొద్దీ లోపల నింపిన పీచు అణిగిపోతుంది. పీచు పొంగి ఉంటేనే అందులో గాలి నిలుస్తుంది, ఆ గాలే మనకు వెచ్చదనం. లైనర్‌ను ఉతుక్కుంటే బ్యాగ్ ఏళ్ల తరబడి మన్నుతుంది.

‘8 డిగ్రీల వెచ్చదనం’ అని ప్యాకెట్ మీద ఉందని కొనొద్దు. స్లీపింగ్ బ్యాగ్‌లను కొలవడానికి ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతి ఉంది. లైనర్ల మీద కనిపించే అంకె మాత్రం చాలావరకు కంపెనీ సొంత లెక్కే. పలుచని పట్టు, కాటన్ లైనర్లతో రెండు మూడు డిగ్రీలకు మించి ఆశ పెట్టుకోకండి.

మరి ఏ గుడ్డ? అది మీరు ఎప్పుడు, ఎక్కడ పడుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. అక్టోబరులోనో ఫిబ్రవరి చివరనో లక్నవరం, పాండవుల గుట్టల వైపు పోతే చాలా రాత్రులు లైనర్, పైన ఒక చెద్దరు సరిపోతాయి. అప్పుడు కాటన్ హాయి. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. అక్కడ బ్యాగ్ తప్పదు, లోపల పట్టు గానీ ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా, నూగుగా ఉండే పాలిస్టర్ గుడ్డ) గానీ ఉండాలి. వానాకాలంలో కాటన్ వద్దే వద్దు. తడి పీల్చుకుని బరువెక్కుతుంది, తెల్లారినా ఆరదు. పాలిస్టర్ తొందరగా ఆరుతుంది, కానీ ఉక్కలో ఒంటికి అతుక్కుంటుంది. బరువు చూస్తే పట్టు 120–150 గ్రాములు, కాటన్ 350–450, ఫ్లీస్ అంతకంటే ఎక్కువ. (ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు.)

పట్టు అని అమ్మేదంతా పట్టు కాదు. అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద నలిపితే పొడవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కాటన్‌కు కాగితం కాలిన వాసన.

కొనడం కంటే పాత కాటన్ చీరతో కుట్టించుకోవడమే మేలని మా అభిప్రాయం. ఎన్నోసార్లు ఉతికిన నూలు అంత మెత్తగా కొత్త గుడ్డ ఉండదు, పైగా ఇక కుంచించుకుపోదు. కొత్త గుడ్డయితే కత్తిరించే ముందే ఒకసారి నానబెట్టి ఉతకాలి. లేకుంటే 220 సెం.మీ. పొడవులో 5 శాతం కుంచించినా 11 సెం.మీ. పోతుంది, మెడ దగ్గర చాలదు.

5.5 మీటర్ల చీరలో 220 సెం.మీ. ముక్కలు రెండు తీయండి. మిగిలిన గుడ్డతో దిండు గలీబు కుట్టుకోవచ్చు. గరుకుగా ఉండే అంచులు కత్తిరించేయాలి. కుట్టుకు వదిలే 1.5 సెం.మీ.తో కలిపి వెడల్పు భుజాల దగ్గర 85, పాదాల దగ్గర 60 సెం.మీ. ఒక పక్క పైనుంచి 45 సెం.మీ. కుట్టకుండా వదలండి, చీకట్లో గబుక్కున బయటికి రావాలంటే అది అవసరం. కుట్టు మడతలు బయటి వైపు ఉండాలి, లోపలుంటే రాత్రంతా ఒరుసుకుంటాయి.

చినగడం ఎక్కువగా రెండు చోట్లే జరుగుతుంది. ఒకటి, తెరిచి ఉంచిన భాగం ముగిసే చోట. అక్కడ చిన్న గుడ్డ ముక్క వేసి రెండు మూడుసార్లు కుట్టమని దర్జీకి చెప్పండి. రెండోది పాదాల కొస. సంచి పొట్టిగా ఉంటే కాళ్లు తన్నిన ప్రతిసారీ కుట్టు తెగుతుంది, అందుకే మీ ఎత్తు కంటే కనీసం 40 సెం.మీ. పొడవుండాలి. పాత పట్టు చీరయితే మడతల గీతల దగ్గర వెలుతురుకు పట్టి చూడండి. అక్కడ పోగులు పలుచబడితే ఆ చీర పనికిరాదు.

లైనర్ రాత్రంతా మెలికలు పడి కాళ్లకు చుట్టుకుంటుందా? బ్యాగ్ కంటే అది మరీ వెడల్పన్నమాట. పాదాల కొసన రెండు నాడాలు కుట్టి, బ్యాగ్ లోపల ఉచ్చులుంటే వాటికి కట్టేయండి.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: బ్యాగ్‌ను తిరగేసి లోపలి పొడవు, భుజాల దగ్గరి వెడల్పు, పాదాల దగ్గరి వెడల్పు కొలిచి రాసుకోండి. తర్వాత ఇంట్లో ఉన్న దుప్పటిని ఆ కొలతకు మడిచి, పిన్నులు పెట్టి, బ్యాగ్‌లో వేసుకుని ఒక రాత్రి డాబా మీద పడుకోండి. ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ వదులైందో తెలిశాకే చీరకు కత్తెర పెట్టండి.