లినక్సులో యూఎస్‌బీ మోడెమ్: సీడీ వేషం తీయించడమే అసలు పని

లినక్సు కంప్యూటరుకు యూఎస్‌బీ మోడెమ్ తగిలించినా ఇంటర్నెట్ రాకపోతే, చాలామంది నేరుగా కనెక్షన్ సెట్టింగులు తెరిచి ఏపీఎన్ (మొబైల్ నెట్‌వర్క్ నుంచి ఇంటర్నెట్‌కు చేర్చే ద్వారం) పేరును మార్చి మార్చి చూస్తారు. కానీ కంప్యూటరు ఆ పరికరాన్ని మోడెమ్‌గా గుర్తించిందో లేదో తేలకుండా ఆ సెట్టింగులతో కుస్తీ పట్టి ప్రయోజనం లేదు.

ఈ చిక్కుకు మూలం పరికరం తయారీలోనే ఉంది. విండోస్ వాడేవారికి డ్రైవరు సీడీని విడిగా ఇచ్చే అవసరం లేకుండా, తయారీదారులు ఆ సాఫ్ట్‌వేర్‌ను మోడెమ్‌లోనే పెట్టి, తగిలించగానే అది సీడీ డ్రైవులా కనిపించే ఏర్పాటు చేశారు. డ్రైవరు పంపే ఒక సంకేతం అందాకే అది సీడీ వేషం తీసి మోడెమ్‌గా మారుతుంది. లినక్సులో ఆ సంకేతం పంపే పనిని సాధారణంగా యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాము చూసుకుంటుంది.

కాబట్టి మోడెమ్ తగిలించి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) ఆదేశం ఇవ్వండి. ప్రతి పరికరానికీ ఎదురుగా రెండు సంఖ్యల జత కనిపిస్తుంది. మొదటిది తయారీ సంస్థది, రెండవది పరికరానిది. ఉదాహరణకు హువావే సంస్థ సంఖ్య 12డీ1. దాని పాత మోడెమ్‌లలో కొన్ని సీడీ రూపంలో 1446గా, మారిన తరువాత 1001గా కనిపిస్తాయి. తగిలించిన వెంటనే ఒకసారి, అర నిమిషం ఆగి మరోసారి ఆదేశం ఇచ్చి చూస్తే, ఈ రెండవ సంఖ్య మారిందో లేదో తెలిసిపోతుంది.

మారకపోతే యూఎస్‌బీ-మోడ్‌స్విచ్‌నూ, ఏ మోడెమ్‌కు ఏ సంకేతం పంపాలో చెప్పే దాని డేటా ప్యాకేజీనీ ఇన్‌స్టాల్ చేసి, మోడెమ్‌ను తీసి మళ్లీ పెట్టాలి. ఇంటర్నెట్ కోసమే ఈ అవస్థ పడుతుంటే ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చుకోమనడం వింతగానే ఉంటుంది. అందుకు ఫోనును కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను ఇంటర్నెట్‌ను కంప్యూటరుకు అందించే ఏర్పాటు) పెట్టుకుంటే ఆ పూటకు పని గడుస్తుంది.

తరువాత కెర్నెల్ (లినక్సు మూల భాగం) సందేశాలను డీమెస్గ్ (dmesg) ఆదేశంతో చూడండి. ఆప్షన్ అనే డ్రైవరు పట్టుకున్న మోడెమ్‌కు టీటీవైయూఎస్‌బీ0 (ttyUSB0) మొదలుకొని కొన్ని పోర్టులు ఏర్పడతాయి. క్యూఎంఐ లేదా ఎంబీఐఎం పద్ధతిలో పనిచేసే 4జీ మోడెమ్‌లకు సీడీసీ-డబ్ల్యూడీఎం0 (cdc-wdm0) అనే పేరు కనిపిస్తుంది. ఇవేవీ లేకుండా కొత్త నెట్‌వర్క్ కార్డు ఒకటి వచ్చి, దానికి 192.168.8.100 లాంటి చిరునామా అందితే, మీ చేతిలో ఉన్నది తనంతట తానే కనెక్టయ్యే చిన్న రౌటరు అన్నమాట. దాని పిన్, ఏపీఎన్‌లను బ్రౌజరులో 192.168.8.1 తెరిచి అక్కడే ఇవ్వాలి. కింది దశలు దానికి వర్తించవు.

మిగిలిన మోడెమ్‌ల సంగతి మోడెమ్‌మేనేజర్ అనే ప్రోగ్రాము చూసుకుంటుంది. ఎంఎంసీఎల్ఐ ఆదేశానికి అడ్డగీతతో పెద్దక్షరంలో ఎల్ జోడించి (mmcli -L) ఇస్తే, అది గుర్తించిన మోడెమ్‌ల జాబితా వస్తుంది. సిమ్ లాక్ అయి ఉందని చూపితే పిన్ ఇవ్వాలి, కానీ ఊహించి ప్రయత్నించకండి: వరుసగా మూడుసార్లు తప్పితే సిమ్ మూసుకుపోయి దాన్ని తెరిచే పీయూకే సంఖ్య అడుగుతుంది.

ఏపీఎన్ వంతు ఇప్పుడు వస్తుంది. లినక్సులో కనెక్షన్లను నిర్వహించే నెట్‌వర్క్‌మేనేజర్‌లో కొత్త మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ఎంచుకుని, దేశాన్నీ సేవాసంస్థనూ జాబితాలో చూపి, ఏపీఎన్‌ను మాత్రం సంస్థ ఇచ్చిన వివరాలతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఖాళీగా వదలడమే తరచుగా సరిపోతుంది. అదే పేజీలో ఈ కనెక్షన్‌ను కొలత గలదిగా (metered) గుర్తుపెట్టే వీలుంటే తప్పక గుర్తుపెట్టండి, లేకుంటే వెనుక జరిగే అప్‌డేట్‌లు మీ డేటాను ఖర్చు చేసేస్తాయి. పాత సూచనలు చూసి మోడెమ్‌తో డయల్ చేయించే పాత ప్రోగ్రాము డబ్ల్యూవీడయల్‌ను (wvdial) కూడా నడపాలనుకుంటే, ముందుగా మోడెమ్‌మేనేజర్‌ను ఆపాలి. లేకపోతే రెండూ ఒకే పోర్టు కోసం పోటీపడి ఏదీ కనెక్ట్ కాదు.

అంతా సరిగ్గా ఉన్నా కనెక్షన్ పదేపదే తెగుతుంటే విద్యుత్తును అనుమానించండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకే ఇవ్వాలన్నది ప్రమాణం. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మోడెమ్ ఎక్కువ శక్తితో ప్రసారం చేయవలసి రావడంతో, పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబులు లేదా సొంత అడాప్టరు లేని హబ్బు ద్వారా అందే కరెంటు దానికి చాలకపోవచ్చు. డీమెస్గ్‌లో పరికరం ఊడి మళ్లీ తగులుకున్నట్టు సందేశాలు వరుసగా వస్తుంటే, సెట్టింగుల జోలికి పోకుండా మోడెమ్‌ను కంప్యూటరు పోర్టుకే నేరుగా పెట్టి చూడండి.