రెండు స్టోమాలు ఉన్నప్పుడు రోజు గడపడం ఎలా?

మూత్రాశయం, మలాశయం రెండూ తీసేయాల్సి వచ్చిన ఆపరేషన్ తర్వాత పొట్ట మీద రెండు స్టోమాలు, అంటే పేగును బయటికి తెచ్చి చేసిన ద్వారాలు ఉంటాయి. సాధారణంగా కుడివైపుది మూత్రానికి, దాన్ని యూరోస్టమీ అంటారు. ఎడమవైపుది మలానికి, అది కొలోస్టమీ. ఇంటికొచ్చిన కొత్తలో రెండు బ్యాగులు చూసి టెన్షన్ పడటం సహజం. రెండింటినీ కలిపి ఒకే పనిగా చూస్తే అలసిపోతారు. వాటి తీరు వేరు, వేళలు కూడా వేరే ఉండాలి.

1. సామాన్లు విడదీయండి
ఒక్కో స్టోమాకు ఒక్కో డబ్బా పెట్టుకోండి. మూత్రం బ్యాగుకు కింద కుళాయి ఉంటుంది, మలం బ్యాగుకు ఉండదు. హడావిడిలో ఒకదాని బదులు ఇంకొకటి చేతికొస్తే చాలా విసుగు.

2. మూత్రం బ్యాగు పొద్దున్నే మార్చండి
మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. లేవగానే, ఏమీ తాగకముందు అయితే ధార తక్కువగా ఉంటుంది. బ్యాగును చర్మానికి అంటించే కొత్త ప్లేటుకు ముందే రంధ్రం కత్తిరించి పెట్టుకోండి. అది స్టోమా కంటే 2–3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. ఇంకా పెద్దదైతే మూత్రం చర్మాన్ని తాకి మంట పుడుతుంది. పాత ప్లేటును లాగేయకుండా, ఒక చేత్తో చర్మాన్ని కిందికి నొక్కుతూ మెల్లగా తీయండి. గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు, క్రీములూ నూనెలూ వద్దు. చుట్టిన గాజుగుడ్డను స్టోమా నోటి దగ్గర పట్టుకుంటే కారేదంతా అది పీల్చుకుంటుంది, ఈలోగా చుట్టూ చర్మాన్ని పూర్తిగా ఆరబెట్టండి. ఆరకపోతే ఎంత ఖరీదైన ప్లేటైనా ఊడిపోతుంది. అతికించాక అరచేతిని ఒకటి రెండు నిమిషాలు దాని మీద ఉంచండి, ఆ వెచ్చదనానికి గట్టిగా పట్టుకుంటుంది. కుళాయి మూశారో లేదో చూసుకోండి.

తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపిస్తే భయపడకండి. మూత్రంలో తెల్లటి జిగురు తీగలు రావడమూ మామూలే. మూత్రం బయటికొచ్చే దారిని చిన్నపేగు ముక్కతో చేస్తారు కాబట్టి ఆ పేగు తన జిగురును స్రవిస్తూనే ఉంటుంది. వాపు తగ్గేకొద్దీ స్టోమా చిన్నదవుతుంది, అందుకే మొదటి 6–8 వారాలు తరచూ కొలత తీసుకోండి.

3. మలం బ్యాగుకు వేరే రోజు
భోజనానికి ముందు, పేగు నెమ్మదిగా ఉన్న వేళ మార్చండి. రెండూ ఒకే రోజు తప్పకపోతే మూత్రానిది ముందు, తర్వాత మలానిది. ఈ వరస మార్చకండి, మలంలోని క్రిములు మూత్రం దారిలోకి వెళ్తే ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పోవచ్చు.

4. మూడో వంతు నిండగానే ఖాళీ చేయండి
బరువు పెరిగితే ప్లేటు ఊడుతుంది. రాత్రికి మూత్రం బ్యాగును ట్యూబుతో పెద్ద బ్యాగుకు కలిపి, మంచం కంటే కిందికి వేలాడదీస్తే నిద్ర మధ్యలో లేవక్కర్లేదు.

5. నీళ్లు తగ్గించకండి
బయటికెళ్లాలంటే బ్యాగు నిండుతుందేమోనని నీళ్లు మానేయాలనిపిస్తుంది. ఆ భయం అర్థమవుతుంది, కానీ దానికి లొంగితే మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్ వస్తుంది, మలం గట్టిపడుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ వద్దంటే తప్ప రోజుకు 2 లీటర్లైనా తాగండి. బయటికెళ్లేటప్పుడు కత్తిరించి ఉంచిన ప్లేట్లు, రెండు రకాల బ్యాగులు, ఒక జత బట్టలు వెంట ఉంటే చాలు.

6. బరువులు ఎత్తకండి
పొట్ట గోడలో రెండు చోట్ల రంధ్రం చేశారు, అక్కడ పేగు బయటికి ఉబికే హెర్నియా వచ్చే అవకాశం ఎక్కువ. దగ్గు వస్తే రెండు స్టోమాల మీదా చేతులు ఆనించి పట్టుకోండి.

7. ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?
స్టోమా నల్లగా లేదా ఊదా రంగులోకి మారినా, చలిజ్వరంతో నడుము పక్కన నొప్పి వచ్చినా, మూత్రం రావడం ఆగినా, కడుపుబ్బరంతో వాంతులై మలం రాకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ మూత్ర పరీక్ష అడిగితే బ్యాగులోని మూత్రం ఇవ్వకండి. అందులో ఎప్పుడూ క్రిములుంటాయి కాబట్టి ఫలితం తప్పుగా వస్తుంది. స్టోమా నుంచి నేరుగా తీయాలని ముందే చెప్పండి.