పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: మార్పులకు ముందు మరమ్మతు

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఇంటి వద్దే బాగుచేసుకోవాలనుకునేవారిలో చాలామంది మొదట కొనేది పెద్ద టైర్లు. నిజానికి అవి చిట్టచివర కొనవలసినవి. ఏ భాగం ఎంత అరిగిందో తెలియని బండికి ఎత్తు పెంచితే, ఆ తరువాత స్టీరింగులో వచ్చే వణుకు పాత అరుగుదల వల్ల పుట్టిందో కొత్త మార్పు వల్ల పుట్టిందో తేల్చడం ఎంతటి మెకానిక్కుకైనా కష్టమే. అందువల్ల బండిని ముందు తయారైన నాటి స్థితికి తెచ్చి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి చూసి, అప్పుడే మార్పుల జోలికి వెళ్ళాలి.

పరీక్షను చాసిస్‌తో మొదలుపెట్టండి. ఇంజను పాడైతే మరొకటి బిగించవచ్చు గానీ చాసిస్ పుచ్చిపోతే మిగిలిన పనంతా వృథా. నిచ్చెన ఆకారంలో ఉండే ఈ చాసిస్ దూలాలు పెట్టెల్లా లోపల బోలుగా ఉన్న బండ్లలో తుప్పు లోపలి నుంచే పుడుతుంది. నీరు కారిపోవడానికి అడుగున ఉంచిన రంధ్రాలు బురదతో మూసుకుపోవడమే దానికి ప్రధాన కారణం. కాబట్టి పైన మెరిసే పెయింటును నమ్మకుండా, చిన్న సుత్తితో దూలం పొడవునా తట్టుతూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చిన చోట మోత బొంగురుగా ఉంటుంది. వెనుక అడ్డదూలం, స్ప్రింగు బ్రాకెట్ల మొదళ్ళు, బాడీని చాసిస్‌కు బిగించే చోట్లు ప్రత్యేకంగా చూడాలి. 1948లో మొదలైన ల్యాండ్ రోవర్‌కు అల్యూమినియం బాడీ కనుక తుప్పు బెడద లేదనుకోవడం పొరపాటు. దాని చాసిస్ ఉక్కుదే. పైగా తడి తగిలినప్పుడు ఉక్కును ఆనుకున్న అల్యూమినియమే తెల్లని పొడిగా రాలిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ రెండింటి మధ్య నైలాన్ వాషరుగానీ సీలెంటుగానీ ఉండాలి.

వెల్డింగుకు ముందు చాసిస్‌ను సమతలంగా నిలిపి, మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలతలు రెండూ తీసుకోండి. అవి సమానంగా లేకపోతే ఎప్పుడో ఒక ప్రమాదంలో అది వంగి ఉండవచ్చు. తుప్పు మీద రేకు అతికించడం మరమ్మతు కాదు. గట్టి లోహం తగిలేదాకా కోసి, అంతే మందం గల రేకును, వేడికి వంకర పోకుండా దూరదూరంగా చిన్న చిన్న అతుకులు వేస్తూ కలపాలి. బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలను ముందే విడదీయాలి. జింకు పూత ఉన్న రేకును వెల్డింగు చేస్తే వచ్చే పొగ ఒంటికి హానికరం కనుక అతుకు చుట్టూ పూతను గీకివేయాలి. ఇంధన ట్యాంకును మాత్రం ఇంట్లో వెల్డింగు చేయనే కూడదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి పేలగలదు. పని ముగిశాక దూలాల లోపల మైనపు పూత చల్లి, అడుగు రంధ్రాలు తెరిచి ఉంచండి.

భాగాలు విప్పేటప్పుడు ఫొటోలు తీయడం, సంచులపై పేర్లు రాయడం విసుగుగా తోచినా మానకూడదు. ఒకసారి నేను ఎడమ, కుడి నకిళ్ళ (ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్ళ) షిమ్ములను, అంటే సందు సరిచేసే పలుచని రేకులను, ఒకే డబ్బాలో వేసి, ఏది ఎటుదో తేల్చుకోలేక రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఎంత చిన్న పనికైనా సరే, జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి.

ఇంజనును విప్పక ముందే కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, కొలవాలి. పెట్రోలు ఇంజనైతే ప్లగ్గులన్నీ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి చూడండి. ఒక సిలిండరు రీడింగు తక్కువగా వస్తే దానిలో కొద్దిగా ఇంజను ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. అప్పుడు పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులనుగానీ గ్యాస్కెట్‌నుగానీ అనుమానించాలి. బ్రేకుల విషయంలో పొదుపు పనికిరాదు. వీల్ సిలిండర్ల సీళ్ళు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి వేయండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ము లోపలి ధూళిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తీయాలి.

ఇక మార్పులు. కమాన్ కట్టలను (లీఫ్ స్ప్రింగులను) చాసిస్‌కు పట్టి ఉంచే ఊగే కొక్కేలైన షాకిళ్ళను 50 మిల్లీమీటర్లు పొడిగిస్తే బండి లేచేది దాదాపు 25 మిల్లీమీటర్లే. పైగా యాక్సిల్ తిరిగి కాస్టర్ కోణం, అంటే ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, మారుతుంది. ముందు యాక్సిల్ షాకిళ్ళు ముందువైపు ఉన్న బండ్లలో ఆ కోణం తగ్గి, స్టీరింగు దారి నిలవదు. ఎత్తు పెంచాలంటే సరైన వంపు గల కమాన్లు, పొడవైన బ్రేకు గొట్టాలు వేసి, యాక్సిల్‌కు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణాన్ని కూడా సరిచూడాలి. టైరు వ్యాసం పది శాతం పెరిగితే 4.7 నిష్పత్తి గల డిఫరెన్షియల్ 4.27 దానిలా ప్రవర్తిస్తుంది, స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి 66లో ఉంటుంది. ఎక్కుడు దారుల్లో లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది.

అదనపు దీపాలను పాత స్విచ్చుకు నేరుగా కలపకండి. 12 వోల్టుల మీద 55 వాట్ల దీపాలు రెండు కలిసి 9 ఆంపియర్లకు పైగా లాగుతాయి; రెండో ప్రపంచ యుద్ధ కాలపు జీపులో ఉన్నట్టి 6 వోల్టుల ఏర్పాటైతే అవే వాట్లకు 18 ఆంపియర్లు కావాలి. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టి, ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా అమర్చాలి. చిక్కుకున్న బండిని తాడుతో లాగే వించి సామర్థ్యం బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి: రెండు వేల కిలోల బండికి మూడు వేలు. ఆ అంకె డ్రమ్ము మీది మొదటి చుట్ల వరుసకే వర్తిస్తుంది, తాడు వరుసలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. వాగులు దాటే ఉద్దేశం ఉంటే ఇంజనుకు పైనుంచి గాలి అందించే స్నార్కెల్ కన్నా ముందు యాక్సిళ్ళ గాలి గొట్టాలను పైకి తీసుకెళ్ళండి. వేడెక్కిన యాక్సిల్ చన్నీటిలో చల్లబడగానే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ళ గుండా నీటిని పీల్చుకుంటుంది.

కమాన్లు విప్పి బిగించిన తరువాత మొదటి వంద కిలోమీటర్లకు యూ బోల్టులు కాస్త వదులవుతాయి. కొత్త నట్లే వాడి, బండి తన బరువు మీద నిలబడి ఉండగా టార్క్ పానాతో మళ్ళీ బిగించండి.