లైవ్ సౌండ్ పాఠాలు - 4: గెయిన్ దగ్గరే ఇంకోసారి

ఈసారి ఈక్వలైజర్ మొదలుపెట్టాల్సింది. మూడో పాఠం అభ్యాసం (గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ను పెంచే నాబ్‌తో మీటర్‌ను సున్నా దగ్గరికి తేవడం) చేసి మీరు చెప్పిన ఫలితాలు చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరిపేశాను. ఎక్కువమందిది ఒకటే గోల: ‘మీటర్ సున్నా దగ్గరికి తెచ్చాం, ఫేడర్ (ఛానల్ సౌండ్‌ను పెంచి తగ్గించే జారుడు మీట) సున్నా గీత దగ్గర పెట్టాం, సౌండ్ ఎక్కువై హాలు అదిరిపోయింది. గెయిన్ తగ్గించాం. సౌండ్ సరిపోయింది గానీ ఇప్పుడు స్పీకర్లు సుయ్‌మంటున్నాయి.’ డిజిటల్ మిక్సర్ ఉన్నవాళ్లది ఇంకో గోల: గాయని గొంతు పెంచినప్పుడల్లా సౌండ్ పగులుతోందట.

డిజిటల్ సంగతి చిన్నది, ముందు తేల్చేద్దాం. పోయిన పాఠంలో సున్నా అన్నది అనలాగ్ మీటర్ గురించి. అక్కడ సున్నా అంటే పని జరగాల్సిన చోటు. దాని పైన ఇంకో 16 నుంచి 20 డెసిబెల్స్ దాకా జాగా ఉంటుంది. డిజిటల్ మీటర్‌లో సున్నాయే పైకప్పు, దాని పైన ఏమీ లేదు. కాబట్టి గాత్రం సగటున మైనస్ 18 దగ్గర ఆడాలి. గట్టిగా అందుకున్నప్పుడు మైనస్ 10, మహా అయితే మైనస్ 6. మీటర్ సగం ఖాళీగా ఉందని బెంగపడి గెయిన్ పెంచేస్తుంటారు, అదొద్దు. ఇప్పటి 24 బిట్ల మిక్సర్లలో ఆ ఖాళీ వల్ల రొదేమీ పెరగదు. కానీ ప్రీఆంప్ (గెయిన్ నాబ్ నడిపే మొదటి సర్క్యూట్) దగ్గర ఒకసారి క్లిప్ అయిన, అంటే జాగా పట్టక పగిలిన సౌండ్‌ను ఫేడర్ కిందికి లాగి బాగుచేయలేం. పగిలిన సౌండే తక్కువగా వినిపిస్తుంది. తర్వాత కంప్రెసర్ (గట్టి శబ్దాలను అణిచేది) పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇక హాలు అదిరిపోయిన గొడవ. ఇక్కడ గెయిన్ జోలికి వెళ్లనే కూడదు. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉండే బలహీనమైన సిగ్నల్. దాన్ని మిక్సర్ పనిచేసే స్థాయికి తేవడం ఒక్కటే గెయిన్ పని. హాల్లో ఎంత సౌండ్ ఉండాలన్నది దానికి సంబంధించిన విషయం కాదు. సౌండ్ ఎక్కువైందని గెయిన్ తగ్గిస్తే సిగ్నల్ చిన్నదైపోతుంది. ఆ తర్వాత ఉన్న సర్క్యూట్ల రొద మాత్రం అలాగే ఉంటుంది. ఆంప్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) ఆ రెండింటినీ కలిపి పెంచుతుంది. మీరు విన్న సుయ్ అదే.

మరి అంత సౌండ్ ఎందుకొచ్చింది? లెక్క చూడండి. ప్రొఫెషనల్ అనలాగ్ మిక్సర్ మీటర్ సున్నా చూపిస్తున్నప్పుడు బయటికి వచ్చేది సాధారణంగా 1.23 వోల్టులు, అంటే ప్లస్ 4 డీబీయూ (వోల్టేజ్‌ను డెసిబెల్స్‌లో చెప్పే కొలత). చాలా ఆంప్‌లు నాబ్ పూర్తిగా తెరిచి ఉంటే 1.4 వోల్టులకే తమ పూర్తి పవర్‌కు చేరతాయి. అంటే మిక్సర్ ఇంకా నింపాదిగా ఉండగానే ఆంప్ అంచుకు వచ్చేసింది. మిక్సర్‌లో మిగిలిన జాగా మీకు దేనికీ పనికిరాదు. ఆంప్ నాబ్‌ను 10 డెసిబెల్స్ తగ్గిస్తే అదే పూర్తి పవర్‌కు దాదాపు 4.4 వోల్టులు కావాలి. ఇప్పుడు రెండూ ఒకదానికొకటి దగ్గరగా నడుస్తాయి, రొద కూడా 10 డెసిబెల్స్ కిందికి పోతుంది.

‘నాబ్ తగ్గిస్తే ఆంప్ పవర్ తగ్గిపోదా?’ అని అడిగారు. తగ్గదు. ఆ నాబ్ లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గిస్తుంది, అంతే. మిక్సర్ నుంచి ఎక్కువ వోల్టేజ్ వస్తే అదే ఆంప్ అంతే పవర్ ఇస్తుంది. కాబట్టి నాబ్ సగంలో ఉంది గదా, స్పీకర్లు భద్రం అనుకోవడం కూడా తప్పే. ఆంప్ లోపలే ఉన్న స్పీకర్లకైతే వెనకాల ఉన్న లెవెల్ నాబ్ ఇదే పని చేస్తుంది.

నేను చేసే వరస ఇది. ఆంప్ నాబ్‌లు పూర్తిగా మూసేస్తాను. ఒక్కో ఛానల్‌కు పీఎఫ్ఎల్ (ఫేడర్‌కు ముందే ఆ ఒక్క ఛానల్‌ను వినిపించే బటన్) నొక్కి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మీటర్ చూస్తూ గెయిన్ పెడతాను. ఫేడర్లు, మాస్టర్ (అన్ని ఛానళ్లు కలిసిన మొత్తానికి ఉండే ఫేడర్) సున్నాలో పెడతాను. అప్పుడు పాడమని చెప్పి, ఆంప్ నాబ్ మెల్లగా తెరుస్తూ హాలుకు సరిపోయిన దగ్గర ఆపి, ఇంకో 6 డెసిబెల్స్ అదనంగా ఇచ్చి, దాని మీద టేపు వేసేస్తాను. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టకూడదు. కొందరు ఆంప్ ఎప్పుడూ ఫుల్‌లో ఉండాలి, మాస్టర్ తగ్గించుకోవాలి అంటారు. వాళ్ల పద్ధతిలోనూ షో జరుగుతుంది. నాకు మాత్రం మాస్టర్ మైనస్ 25లో ఉంటే చేతులాడవు. ఫేడర్ మీద గీతలు ఒకసారి పరీక్షగా చూడండి. సున్నా దగ్గర వేలి మందం జరిపితే ఐదారు డెసిబెల్స్ మారుతుంది. మైనస్ 40 కింద అదే వేలి మందానికి ఇరవై దాకా మారిపోవచ్చు. అక్కడ చెయ్యి కాస్త వణికినా జనం తలెత్తి చూస్తారు.

‘హలో, వన్, టూ, త్రీ’ మీద గెయిన్ పెట్టకండి. పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే లైను పాడించండి. అప్పుడు కూడా ఎవరైనా గొంతు దాచుకునే పాడతారు. షో మొదలయ్యాక సులువుగా 6 డెసిబెల్స్ పెరుగుతారు. ఆ జాగా ముందే వదలండి.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే విషయానికి వస్తాను. మీలో చాలామంది రాసిన మాట ఇది: ‘గెయిన్ తగ్గిస్తే మైకు కూయడం ఆగిపోయింది, అందుకని గెయిన్ తక్కువ పెట్టి ఫేడర్ పైకి పెట్టుకుంటున్నాం.’ ఎక్కడ చూసినా ఇదే సలహా. పూర్తిగా తప్పు.

కూత ఎలా పుడుతుంది? స్పీకర్ సౌండ్ తిరిగి మైకులోకి వెళ్తుంది, మిక్సర్, ఆంప్ దాటి మళ్లీ స్పీకర్‌లోంచి వస్తుంది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఏదో ఒక ఫ్రీక్వెన్సీ మొదటికంటే పెద్దదైందంటే కూత మొదలవుతుంది. చుట్టు మొత్తం మీద ఎంత పెరిగిందన్నదే లెక్క. ఆ పెంపు ఎక్కడ జరిగిందో మైకుకు తెలియదు. గెయిన్ 40, ఫేడర్ 0, ఆంప్ నాబ్ మైనస్ 10 అనుకోండి. మొత్తం 30. గెయిన్ 30కి దించి ఫేడర్ ప్లస్ 10కి ఎత్తారు. మళ్లీ 30. గెయిన్ 30, ఫేడర్ 0, ఆంప్ 0 పెట్టినా 30. మూడింటిలోనూ హాల్లో సౌండ్ ఒకటే, కూత మొదలయ్యే చోటూ ఒకటే. తేడా రొదలో మాత్రమే.

గెయిన్ తగ్గించగానే ఆగిందిగా అంటారా? ఆగుతుంది, మొత్తం తగ్గింది కాబట్టి. అదే పది ఫేడర్‌తో తగ్గించినా ఆగేది. కాసేపటికి పాట వినబడటం లేదని ఎవరో అంటారు, ఫేడర్ పెంచుతారు, మళ్లీ కూస్తుంది. మళ్లీ గెయిన్ తగ్గిస్తారు. ఇలా ఫేడర్ పైకి తగిలి, గెయిన్ అడుగున పడి ఉన్న మిక్సర్లు ఎన్ని చూశానో. పైగా మానిటర్ సెండ్ (పాడేవాళ్లకు వాళ్ల గొంతు వినిపించే స్పీకర్‌కు పంపే సిగ్నల్) మామూలుగా ఫేడర్‌కు ముందే తీసుకుంటారు. మీరు గెయిన్ 10 తగ్గిస్తే పాడేవాళ్ల మానిటర్‌లో కూడా గొంతు 10 తగ్గిపోతుంది. వాళ్లు ‘మానిటర్ పెంచు’ అంటారు, మీరు పెంచుతారు, ఇప్పుడు కూత అక్కడినుంచి. కంప్రెసర్, గేట్ (చిన్న శబ్దాలను మూసేసేది) కూడా గెయిన్ మారగానే లెక్క తప్పుతాయి. షో నడుస్తుండగా గెయిన్ ముట్టాల్సిన కారణం ఒక్కటే: క్లిప్ లైటు వెలగడం.

కూత నిజంగా తగ్గేది వేరేవాటితో. నోటికి, మైకుకు మధ్య దూరం సగం చేస్తే దాదాపు 6 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. స్పీకర్లు మైకుల కంటే ముందుకు ఉండాలి. వాడని మైకులు మూసేయాలి, తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైతే 3 డెసిబెల్స్ పోతాయి. మైకు తలను అరచేత్తో కప్పి పాడేవాళ్లకు నచ్చజెప్పాలి. అలా కప్పితే మైకు అన్ని వైపులా వినడం మొదలుపెడుతుంది.

కీబోర్డు డీఐ బాక్స్ (వాయిద్యాన్ని మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కు కలిపే పెట్టె) ద్వారా వస్తున్నా మీటర్ నిండిపోతుంటే ప్యాడ్ (సిగ్నల్‌ను తగ్గించే బటన్) నొక్కండి. దాని మీద ఇంతకంటే చెప్పాల్సింది లేదు. కీబోర్డు వాల్యూమ్ మాత్రం ముప్పావు దగ్గర పెట్టించి, షో మధ్యలో మార్చొద్దని ముందే చెప్పండి.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే, ఒక పూట పడుతుంది. తోడుగా ఒక మనిషి కావాలి. ఒక మైకు స్టాండు మీద పెట్టండి. ముందు ఫోన్‌లో ఏదో ఒక పాట పెట్టి, ఆ ఫోన్‌ను మైకు ముందు ఒకే దూరంలో ఉంచండి. గెయిన్, ఫేడర్, ఆంప్ నాబ్‌లను నాలుగు రకాలుగా మార్చి, నాలుగుసార్లూ హాల్లో సౌండ్ ఒకేలా వచ్చేలా సరిచేయండి. చెవిని నమ్మకండి, ఇంకో ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి ఎప్పుడూ ఒకే చోటు నుంచి చూడండి. అమరికలు రాసుకున్నాక పాట ఆపేయండి. ఒక్కో అమరికలో మైకును స్పీకర్ వైపు మెల్లగా జరుపుతూ, కూత మొదలైన చోట నేల మీద టేపు ముక్క అతికించండి. సౌండ్ తక్కువలోనే చేయండి, తోడున్నవాళ్ల వేలు మ్యూట్ మీద ఉండాలి. నాలుగు ముక్కలూ దాదాపు ఒకేచోట పడాలి. పడకపోతే సౌండ్ సమానం చేయడంలో తేడా వచ్చినట్టే, మళ్లీ చేయండి. చివరగా మైకు వెనక్కి పెట్టి, నాలుగు అమరికల్లోనూ స్పీకర్ పక్కన నిలబడి సుయ్ ఎందులో ఎక్కువుందో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈక్వలైజర్ పాఠంలో కావాలి.